దేహళీదీపం

ఇంటి నక్షా మీద ఎర్ర సిరాతో పెట్టిన చుక్కలను లెక్కపెట్టాను. యాభై ఎనిమిది ఉన్నాయి. ఒక్కొక్క చుక్క ఒక్కొక్క దీపం.

ధర్మపురిలో మా తాతగారి నాటి పెంకుటింటి ముందుభాగాన్ని విప్పించి కొత్తగా కట్టించుకుంటున్న రోజులవి. మా అబ్బాయికి పెళ్లి కుదిరింది. వచ్చే చుట్టాల ముందు ఇల్లు కొంచెం నాగరికంగా కనబడాలని ఇంటిల్లిపాది కోరిక. కాదనను, నా కోరిక కూడా. కరీంనగరం నుంచి గృహాలంకరణ నిపుణుడొకడు వచ్చాడు. యువకుడు, మర్యాద తెలిసినవాడు. కంప్యూటరు తెర మీద మా ఇంటినే మాకు కొత్తగా చూపించి, “సార్, ఇప్పుడు ఇంటికి అందం గోడలతో రాదు, వెలుతురుతో వస్తుంది” అన్నాడు. ముప్పై ఏళ్లుగా అలంకారశాస్త్రంతో కాలక్షేపం చేసినవాణ్ని. అలంకారమనే మాట ఎటు నుంచి వినబడినా నా చెవులు అటే తిరుగుతాయి. ఆ యువకుని మాట నాకు నచ్చింది.

మా అమ్మ మంచం మీద కూర్చుని అంతా వింటున్నది. ఆమెకు ఎనభై దాటాయి. నక్షాను ఆమె ముందు పరిచినప్పుడు కళ్లద్దాలు సవరించుకొని, వేలితో ముందు గది గీతలన్నీ తడిమి, “కడప కాడ ఏది బిడ్డా?” అని అడిగింది. “హాలు లైటే అక్కడిదాకా పడుతదమ్మా” అన్నాడు నిపుణుడు. నేను పైకప్పు రంగుల గురించిన మాటలోకి వెళ్లిపోయాను.

ఆమె అలా అడగడానికి కారణం ఉన్నది. మా పాత ఇంటి దర్వాజకు కుడిపక్కన, మోకాలికి కొంచెం పైన, గోడలో ఒక గూడు ఉండేది. జానెడు ఎత్తు, పైన చిన్న విల్లులాంటి వంపు. సంజె వేళకు అమ్మ గోదావరి నీటితో గడప కడిగి, పసుపు రాసి, ఆ గూటిలో నువ్వులనూనె ప్రమిద పెట్టేది. అదే సమయానికి కందిలి గాజు తుడిచే పని నాది. కరెంటు ఉన్న ఇల్లే అయినా చీకటిపడే వేళకే అది పోవడం అలవాటు గనుక, కందిలి రోజూ సిద్ధంగా ఉండవలసిందే. మెత్తటి పాతగుడ్డను గాజులోకి దూర్చి మసి తీయాలి. పిల్లల చేయి సన్నం కనుక ఆ పని పిల్లలదే. గ్యాసునూనె వాసన, కొంచెం వంకరగా కత్తిరించిన వత్తి, దాని మూలాన గాజుకు ఒకవైపే పట్టే మసి, వత్తిని సరిగ్గా కత్తిరించలేదని చీవాట్లు.

కందిలి ఇంట్లో ఎక్కడికంటే అక్కడికి తిరిగేది. వంటింట్లోకి, దేవునర్రలోకి, పశువుల కొట్టంలోకి. గూటి దీపం మాత్రం కదలదు. అది ఎవరి కోసమో చిన్నతనంలో నాకు తెలియలేదు. దాని వెలుతురులో ఎవరూ చదవరు, ఎవరూ వండరు. గుడి నుంచి ఆలస్యంగా వచ్చే నాన్నగారికి మెట్టు కనబడేది దానితోనే. లోపలి నుంచి చెంబు పట్టుకొని అరుగు మీదికి పోయే మా నాయనమ్మకు గడప కనబడేది కూడా దానితోనే. చీకటి పడ్డాక గోదావరి నుంచి తడిబట్టలతో తిరిగివచ్చే యాత్రికులకు మా సందు మలుపు తెలిసేది కూడా ఆ వెలుగువల్లనే.

మన శాస్త్రకారులు దీనికి ఒక పేరు పెట్టారు. దేహళి అంటే గడప. గడప మీద పెట్టిన దీపం ఇంటి లోపలికీ, బయటికీ ఒకేసారి వెలుగునిస్తుంది. ఒక వాక్యంలో నడుమ నిలిచిన ఒకే పదం తనకు ముందున్న భాగంతోనూ, తరువాతి భాగంతోనూ అన్వయిస్తే దానిని దేహళీదీపన్యాయం అంటారు. తరగతిలో ఈ న్యాయం చెప్పవలసి వచ్చినప్పుడు నేను నల్లబల్ల మీద ఒక గడప గీసి, దాని నడుమ ఒక ప్రమిద గీస్తాను. పిల్లలకు వెంటనే అర్థమవుతుంది. ఇన్నేళ్లలో ఎన్ని గడపలు గీశానో లెక్కలేదు.

మా ఊరికి గడపతో మరొక చుట్టరికం కూడా ఉన్నది. ఇక్కడ వెలసినవాడు నరసింహుడు. ఇంట్లోనూ కాదు, బయటా కాదు, పగలూ కాదు, రాత్రీ కాదు అన్న వరానికి ఆయన వెదకి పట్టుకున్న చోటు గడప, వేళ సంధ్య. శేషప్ప కవి శతకం చెప్పిన ఊరిలో పుట్టిన నాకు ఈ సంగతి ఎవరూ ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. అయినా నా నక్షాలో గడప దగ్గర చుక్క లేదు.

ఇల్లు పూర్తయింది. అందంగా లేదని ఎలా అంటాను? జిప్సం పలకలతో పైకప్పు కింద మరొక కప్పు వేశారు. దాని అంచుల లోపల ఎల్‌ఇడి పట్టీలు దాచారు. స్విచ్ వేస్తే దీపం కనబడదు. కప్పు అంచు వెంట వెలుతురు మాత్రం తెల్లవారుజామున తూర్పు దిక్కులా పరుచుకుంటుంది. ప్రబంధాల్లో వర్ణించిన రత్నదీపాలు నాకు గుర్తొచ్చాయి. వాటికి నూనె పోయనక్కరలేదు, మసి పట్టదు, గాలికి ఆరవు. మేఘసందేశంలో కాళిదాసు అలకాపురి స్త్రీలు సిగ్గుపడి గుప్పెడు పొడి విసిరినా ఆరని దీపాలు అవే. కవుల ఊహలో ఉన్న ఆ దీపం రెండువందల రూపాయలకు జగిత్యాల దుకాణంలో దొరుకుతున్నది కదా అని మురిసిపోయాను.

నిజానికి ఆ దీపం వెనుక ఉన్న కథ కవుల ఊహకు తీసిపోదు. ఎర్రని వెలుగునిచ్చే ఎల్‌ఇడి 1962 నాటికే వచ్చింది. నీలి వెలుగు మాత్రం మరో మూడు దశాబ్దాలు శాస్త్రజ్ఞులకు చిక్కలేదు. నీలం లేనిదే తెలుపు రాదు. జపానులో పుట్టిన ఇసాము అకసాకి, హిరోషి అమానో, షూజీ నకమురా 1990ల తొలినాళ్లలో దానిని సాధించారు. 2014లో ముగ్గురికీ కలిపి భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. నీలి వెలుగు మీద పసుపుపచ్చ పూత వేసి తెల్లని వెలుగును రాబడతారు. పూత మారిస్తే తెలుపు తీరు మారుతుంది. దానిని కెల్విన్లలో కొలుస్తారు. ప్రమిద వెలుగు 2000కు కాస్త అటుఇటుగా ఉంటుంది. పాత ఫిలమెంటు బల్బుది 2700. అంకె పెరిగిన కొద్దీ వెలుగు నీలివైపు జరుగుతుంది. దుకాణాల్లో ‘కూల్ డే లైట్’ అని అమ్మేది 6500. వెనుకటి 60 వాట్ల బల్బు ఇచ్చే వెలుతురును ఇప్పుడు 9 వాట్ల దీపం ఇస్తున్నది. ఫిలమెంటు బల్బు తాను తిన్న విద్యుత్తులో తొంభై పాళ్లకు పైగా వేడిగానే వదిలేసేది.

ఇంత చవకగా వెలుతురు వచ్చినందువల్లనే అది అలంకారమైంది. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్ దర్బారు మందిరంలో బెల్జియం స్ఫటికపు షాండ్లియర్లు 19 వ్రేలాడుతుంటాయి. ఆ వైభవం నిజాముల కాలంలో ఒక్క దర్బారుకే చెల్లింది. ఈనాడు పెళ్లికుదిరిన ప్రతి ఇంటా ప్లాస్టిక్ స్ఫటికాల గుత్తి ఒకటైనా ఉన్నది. మా ఇంట్లోనూ ఒకటి ఉన్నది.

పెళ్లికి వచ్చినవాళ్లు కప్పు వైపు చూసి మెచ్చుకున్నారు. వాకిట నిలిచి ఫోటోలు తీసుకున్నారు. అమ్మ మాత్రం ముందు గదిలోకి రావడం తగ్గించింది. “కండ్లల్ల కొడుతున్నది” అనేది. కొత్తవి కదా, అలవాటు పడుతుందిలే అనుకున్నాం.

పెళ్లయిన నెలన్నరకు, ఆశ్వయుజ మాసంలో, ఒక సాయంత్రం ఆమె గడప దగ్గర పడిపోయింది. ఆ సమయంలో ముందు గదిలోని దీపాలన్నీ వెలుగుతూనే ఉన్నాయి. కోడలి తరఫు చుట్టాలు వచ్చి వెళ్తున్నారు. వాళ్లను సాగనంపడానికి ఆమె కూడా లేచి దర్వాజ దాకా వచ్చింది. గడప నల్లరాయి. లోపల పరచిన గ్రానైటు అద్దంలా మెరుస్తుంటే, దర్వాజ అవతల అరుగు పూర్తిగా చీకటి. బయటి గోడకు పెట్టించిన రెండు దీపాలు మా ఇంటిపేరు చెక్కిన ఫలకం మీదికి గురిపెట్టి ఉన్నాయి. ఆమెకు గడప కనబడలేదు. చేతిని ఊతగా ఆనించడంతో కుడి మణికట్టు ఎముక విరిగింది. తుంటి విరగలేదు, అదొక్కటే అదృష్టం.

జగిత్యాలలో ఎముకల వైద్యుడు కట్టు కట్టాడు. ఆ మరుసటి వారం కంటి వైద్యురాలి దగ్గరికి తీసుకువెళ్లాం. అమ్మ ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది, రెండో కంటిలో ఇంకా ఉన్నది. వైద్యురాలు నాకు ఓపికగా వివరించింది. అరవై ఏళ్ల మనిషి కంటి లోపలికి చేరే వెలుతురు ఇరవై ఏళ్ల యువకునికి చేరేదానిలో మూడోవంతు మాత్రమే. అందుచేత వృద్ధులకు ఎక్కువ వెలుతురు కావాలి. అయితే శుక్లం పట్టిన కటకం వెలుగును చెదరగొడుతుంది గనుక, కంటికి ఎదురుగా నిలిచే దీపం వాళ్లకు తెల్లని పొగమంచులా మారి, దాని వెనుక ఉన్నవన్నీ కప్పివేస్తుంది. పైగా వెలుతురులో నుంచి చీకటిలోకి వస్తే కన్ను పూర్తిగా సర్దుకోవడానికి ఇరవై నిమిషాల నుంచి అరగంట పడుతుంది. పడిపోవడానికి ఒక్క క్షణం చాలు. “మీ ఇంట్లో దీపాలు ఎక్కువయ్యాయా, తక్కువయ్యాయా?” అని ఆమె అడిగింది. రెండూ అని చెప్పవలసి వచ్చింది.

ఆ రాత్రి నేను స్విచ్ బోర్డుల ముందు నిలబడి మళ్లీ లెక్కపెట్టాను. ఈసారి ఏ దీపం ఎవరి కోసం అని. పైకప్పు అందాన్ని చూపడానికి పంతొమ్మిది. గోడ మీది బొమ్మలకు తొమ్మిది. గాజు అలమారలో సన్మానాల్లో నాకిచ్చిన జ్ఞాపికలున్నాయి, వాటికి నాలుగు. నా పేరు చెక్కిన ఇత్తడి పళ్లేనికి ఉన్నపాటి వెలుతురు మా అమ్మ అడుగు పెట్టే చోట లేదు. నిపుణుణ్ని తప్పుపట్టలేను. అతడు నన్ను అడిగాడు, నేను కప్పును చూశాను.

అమ్మ నన్ను ఏమీ అనలేదు. పక్కింటి ఆమెతో మాత్రం నవ్వుతూ, “గిన్ని దీపాలు వెట్టిన్రు గని, కడప కాడ గుడ్డి దీపమన్న వెట్టకపోతిరి” అన్నది. దేవునర్రలో నుంచి విన్నాను.

దీపం కళ్లలో కొట్టకుండా ఉండడమెట్లా అన్న ప్రశ్న కొత్తది కాదని తరువాత చదివి తెలుసుకున్నాను. డెన్మార్కుకు చెందిన పౌల్ హెన్నింగ్‌సెన్ అనే వాస్తుశిల్పి కిరోసిన్ దీపాల వెలుగులో పెరిగినవాడు. విద్యుద్దీపాలు వచ్చాక వాటి దురుసుతనం ఆయనకు నచ్చలేదు. 1920లలో ఒకదాని కింద ఒకటిగా మూడు చిప్పలు అమర్చి, ఎటు నుంచి చూసినా బల్బు కనబడకుండా, వెలుతురు మాత్రం మెత్తగా కిందికి దిగేటట్లు ఒక దీపాన్ని రూపొందించాడు. వందేళ్లయినా దానిని ఇంకా తయారుచేస్తున్నారు.

అంతదూరం పోవలసిన పని లేదు. మా ఇంట్లోనే అటక మీద విప్పని పెట్టె ఒకటి ఉన్నది. అనంతపురం ప్రాంతంలో అధ్యాపకుడుగా ఉన్న నా పూర్వ విద్యార్థి పెళ్లికి పంపిన కానుక అది. కప్పు రంగుకు నప్పదని నిపుణుడు వద్దంటే అటకెక్కించాం. విప్పితే అందులో నిమ్మలకుంట తోలుదీపం ఉన్నది.

నిమ్మలకుంట శ్రీ సత్యసాయి జిల్లాలో ధర్మవరం దగ్గరి ఊరు. తరతరాలుగా తోలుబొమ్మలాట ఆడే కుటుంబాలు అక్కడ ఉన్నాయి. మేకతోలును శుభ్రపరచి, వెలుగు చొరబడేంత పలచన చేసి, నల్లని గీతలతో బొమ్మ గీసి రంగులద్దుతారు. ఆపైన చిన్న చిన్న ఉలులతో వందలాది రంధ్రాలు కొడతారు. నగలు, కిరీటాలు, చీర అంచులు అన్నీ ఆ రంధ్రాలే. తెర వెనుక దీపం వెలిగితే ఆ రంధ్రాల గుండా వచ్చే వెలుగు చుక్కలే రాముని కిరీటంలో రత్నాలవుతాయి. వెనుకటి రోజుల్లో తెల్లని తెర వెనుక ఆముదపు దీపాలుండేవి. దీపం ఎవరికీ కనబడదు, కథ అందరికీ కనబడుతుంది. సినిమా వచ్చి, ఆ తరువాత టీవీ వచ్చి, రాత్రంతా కూర్చుని చూసే జనం కరిగిపోయాక, ఆ కళాకారులు అదే తోలు మీద, అదే గీతతో దీపాల తొడుగులు చేయడం మొదలుపెట్టారు. ఈనాడు నగరాల్లోని ఇళ్లలో అవి అలంకారాలు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ పురస్కారం లభించింది.

ఇది కళ బతకడమా, కళ దిగజారడమా అని మా సాహిత్య మిత్రుల్లో వాదన వస్తుంటుంది. నాకు రెండు వైపులా మనసు లాగుతుంది. దీపపు తొడుగు మీది హనుమంతుడు లంకకు ఎగరడు. ఎగిరే భంగిమలో అలాగే నిలిచి ఉంటాడు. కథ చెప్పే గొంతు లేదు, మద్దెల లేదు. అయినా ఆ ఉలి దెబ్బ తెలిసిన చేయి మరో తరానికి అందింది. పస్తులతో ప్రాచీనత కాపాడమని ఎవరికైనా చెప్పే హక్కు నెల జీతం తీసుకునే నాకు లేదు.

ఆ తోలుదీపాన్ని అమ్మ గదిలో, మంచానికి దూరంగా, మూలన పెట్టాం. లోపల 2700 కెల్విన్ల చిన్న బల్బు. వెలిగించగానే గోడంతా తేనెరంగుకు తిరిగింది. అమ్మ కట్టుకట్టిన చేతిని ఒడిలో పెట్టుకొని చాలాసేపు చూసి, “తోలుబొమ్మలోళ్లు! మా పుట్టినూర్ల ఆడెటోళ్లు” అని చిన్ననాటి సంగతులు ఎత్తుకుంది. ఆమె కళ్లు చికిలించకుండా దీపం వైపు చూడడం ఆ ఇంట్లో నేను చూసింది అప్పుడే.

మన చుట్టుపక్కల కూడా ఇట్లాంటి పనితనానికి కొదవ లేదు. పాత ఆదిలాబాదు జిల్లాలో జైనూరు దగ్గరి ఉషేగాం ఓజాలు మట్టి అచ్చు మీద మైనపు తీగలు చుట్టి, పైన మళ్లీ మట్టి పూసి, మైనాన్ని కరిగించి, ఆ ఖాళీలో కరిగిన లోహం పోసి వ్రేలాడే దీపాలు చేస్తారు. ఆ అచ్చు పగలగొడితేనే వస్తువు బయటపడుతుంది కనుక ఒకదానిలా మరొకటి ఉండదు. ఆదిలాబాదు డోక్రాకు 2018లో, కరీంనగరం వెండితీగె పనికి 2007లో భౌగోళిక గుర్తింపు లభించింది. మా గోడకు తగిలించిన యంత్రపు జాలీ దీపం ఆ వెండితీగె పనికి దూరపు అనుకరణ అని నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

ఇక మిగిలింది గూడు. కొత్తగా కట్టించినప్పుడు పాత దర్వాజను, దాని పక్క గోడను మాత్రం అలాగే ఉంచాం. గూడు పాతకాలపుదిగా కనబడుతున్నదని ఇటుక ముక్కలతో నింపి పైన నున్నగా పూత పూయించాం. పూయించమన్నవాణ్ని నేనే. కరెంటు పనివాడు సుత్తి, శాణం తెచ్చి మెల్లగా కొట్టాడు. ఇటుకలు ఊడివచ్చాక లోపలి వంపు బయటపడింది. పైభాగమంతా నల్లని మసి, అడుగున నూనె ఇంకి గట్టిపడిన జిడ్డు. వేలితో తాకితే ఇంకా అంటుకుంటున్నది. “గీకి సున్నం వేయాల్నా సార్?” అని అడిగాడు. వద్దన్నాను.

గూటి కింద, మెట్టు మీదికే వెలుతురు పడేటట్లు, కంటికి కనబడకుండా రెండు వాట్ల దీపం అమర్చాడు. చీకటి పడగానే దానంతట అదే వెలుగుతుంది. గడప అంచు వెంట పసుపురంగు గీత కొట్టాడు. గూటిలో మాత్రం అమ్మ పట్టుబట్టి ప్రమిదే పెట్టించింది. ఎడమచేత్తో వత్తి వేయడం ఆమెకు రాకపోతే కోడలు నేర్చుకుంది. ఆ ఏడు దీపావళికి ముందు త్రయోదశినాడు యమునికి పెట్టే దీపం కూడా అక్కడే పెట్టారు. గుడిలో యమధర్మరాజు సన్నిధిలోని గండదీపంలో నూనె పోసి వచ్చి, “ఈసారికి చేయితోని పోయింది” అన్నది అమ్మ.

కార్తీక మాసంలో మా ఊరు రాత్రి కూడా నిద్రపోదు. గోదావరిలో దీపాలు వదిలినవాళ్లు మా సందులో నుంచే బస్టాండుకు పోతారు. పౌర్ణమి నాటి రాత్రి నేను ముందు గది దీపాలన్నీ ఆర్పి తలుపు వేయబోతుంటే, ఎవరో ఇద్దరు ఆడవాళ్లు మా మెట్టు మీద కూర్చున్నారు. ఒకామె గూటి వెలుతురులో చెప్పు వారును పిన్నీసుతో కుట్టుకుంటున్నది. రెండో ఆమె పసిపిల్లను భుజాన వేసుకొని, ఆ వెలుతురు ముఖాన పడకుండా కొంగు అడ్డం పట్టి ఉన్నది. నన్ను చూసి లేవబోయారు. కూర్చోమన్నాను.

“ఎవలు బిడ్డా?” లోపలి నుంచి అమ్మ అడిగింది.

“ఎవరో యాత్రికులమ్మా. చెప్పు తెగిందట.”

“ప్రమిదల నూనె ఉన్నదా చూడు. అయిపోతే పొయ్యి.”

సగం ఉన్నది. అయినా పోశాను.